డాక్టరు చార్లెస్ డొనవన్ గారి జీవితము

తొలకరి వానలు కురిసి, సముద్రపు గాలితోబాటు ముసురు పట్టినతోడనే మన విశాఖపట్టణమున ఇంటింట జ్వరముల మాట వినవచ్చును. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి పేర్లు పిలుచునప్పుడు ఒక పేరునకు జవాబు రాదు. ప్రక్కను కూర్చుండు బాలుడు లేచి వానికి జ్వరమని చెప్పును. ఒక దినము గడచును, రెండు దినములు గడచును. నాలుగవ దినమున కూడ ఆ స్థలము ఖాళీగానే యున్నచో తరగతిలో అల్లరి దానంతట అదియే తగ్గును. ఇది మేము ప్రతి సంవత్సరమును చూచుచున్న సంగతియే.

ఆ వేళ ఆ బాలుని యింట ఏమి జరుగుచుండునో తల్లిదండ్రులందరకును తెలియును. తల్లి తడిగుడ్డతో ఒడలు తుడుచుచు రాత్రియంతయు మేలుకొని యుండును. తండ్రి మందుచీటిని దీపము దగ్గర పెట్టుకొని మరల మరల చదువును. వైద్యుడు ఇది ఫలానా జ్వరమని చెప్పి మందిచ్చినాడు. మందు వేళకు మ్రింగించినారు. అయినను జ్వరము తగ్గలేదు. ఇప్పుడు ఆ తండ్రి వైద్యుని యొద్దకు మరల పోయి, తాము చెప్పిన జ్వరము ఇదియే యగునా యని అడుగవచ్చునా? పెద్ద చదువు చదివినవారిని ప్రశ్నించుట మర్యాద కాదేమోయని కొందరు వెనుదీయుదురు. మరికొందరు వైద్యుని ఏమియు అడుగకయే విడిచి, తాయెత్తు కట్టువాని యొద్దకో, మందుల అంగడి వాని యొద్దకో పరుగెత్తుదురు. ఈ రెండు త్రోవలును బిడ్డకు హాని చేయునవే.

మూడవ త్రోవ యొకటి కలదు. అది ఒక వైద్యుని జీవితమున స్పష్టముగా కనబడును. ఆయన జ్వరముతో నున్న ఒక పండ్రెండేండ్ల బాలుని ముందు నిలిచి, ఆ కాలపు పండితులందరును ఆ జ్వరమునకు పెట్టిన పేరును సందేహించెను. సందేహించి ఊరకుండక, ఆ సందేహమునకు జవాబును ఆ బాలుని రక్తముననే వెదకెను. ఆయన పేరు చార్లెస్ డొనవన్. వైద్యశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు నేటికిని ఆ పేరు నేర్చుకొనుచున్నాడు గాని, ఆ పేరుగల మనుష్యుని చరిత్ర మన బాలురకు అంతగా తెలియదు. అందుచేత ఈ సంవత్సరపు సంచికలో దానిని క్లుప్తముగా చెప్పదలచితిమి.

ఆయన పనిచేసినది చెన్నపట్టణమున. ఆ కాలమున మన విశాఖపట్టణము జిల్లా చెన్నరాజధానిలోని భాగము. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకును అట్లే యుండెను. మన యూరి వైద్యకళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు 1923లో వెలసినవి. అంతకుముందు మన ఉత్తర సర్కారు జిల్లాలనుండి వైద్యమున ఉన్నత పట్టము పొందగోరిన యువకులు చెన్నపట్టణమునకు పోవలసినవారే. కనుక అచ్చటి పెద్దాసుపత్రిలో జరిగిన యీ కథ మనకు పరాయిది కాదు.

డొనవన్ గారు 1863వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీని కలకత్తాలో జన్మించిరి. వీరి వంశము ఐర్లండు దేశపుది. తండ్రి హిందూదేశమున న్యాయాధిపతిగా ఉద్యోగము చేయుచుండెను. బాల్యము కొంత మన దేశముననే గడచిన పిమ్మట, బాలుని చదువు నిమిత్తము ఐర్లండులోని తాతగారి యింటికి పంపిరి. అటుపిమ్మట డబ్లిను పట్టణమునందలి ట్రినిటీ కళాశాలలో వైద్యము చదివి, 1889లో పట్టము పొంది, 1891లో ఇండియన్ మెడికల్ సర్వీసు అను ప్రభుత్వ వైద్యశాఖలో చేరిరి. తాము పుట్టిన దేశమునకు ఈ విధముగా వైద్యులై తిరిగివచ్చిరి.

మొదటి కొన్ని సంవత్సరములు బర్మా మొదలగు తావులలో కొలువు చేసిరి. 1898లో చెన్నపట్టణపు వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రమునకు ఆచార్యులుగా నియమింపబడిరి. దానితోబాటు జనరల్ ఆసుపత్రిలో రోగులను చూచు పనియు వారిదే. ఉదయము రోగుల మంచముల నడుమను, పిమ్మట విద్యార్థుల ముందును, తీరిక దొరికినప్పుడు సూక్ష్మదర్శని ముందును వారి కాలము గడచెడిది. సెలవు దినములలో సీతాకోకచిలుకలను పట్టి, వాని రెక్కల మచ్చలను లెక్కించి, జాతులను వేరుచేయుట వారికి ప్రియమైన వినోదము. ఒకదానివలె కనబడు రెండవదానిని వేరని కనిపెట్టు నేర్పు ఆ వినోదమునకు ఎంత అవసరమో, జ్వరములను చూచువానికిని అంతే అవసరము.

ఇక నాటి జ్వరశాస్త్రపు స్థితిని కొంచెము తెలిసికొనవలెను. మన మన్యమునందు చలిజ్వరము ఎంత పాతదో అందరకు తెలిసినదే. చలి, వణకు, పిమ్మట మంట, పిమ్మట చెమట, కొన్నాళ్లకు కడుపున ఎడమవైపు బల్ల పెరుగుట దాని లక్షణములు. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడగు లావెరాన్ అల్జీరియా దేశమున రోగి రక్తమును పరీక్షించి, ఈ జ్వరమును కలిగించు సూక్ష్మజీవిని కనుగొనెను. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని మన తెలుగుదేశముననే, సికింద్రాబాదునందు, రొనాల్డ్ రాస్ దొరగారు ఆ జీవిని దోమ కడుపులో చూచిరి. ఆ పరిశోధనలకుగాను 1902లో వారికి నోబెలు బహుమానము లభించెను. మలేరియా రహస్యము బయలుపడినది. క్వినైను మందు ముందే యున్నది. వైద్యులకు గొప్ప ధైర్యము కలిగెను.

కాని ధైర్యముతోబాటు ఒక చిక్కు కూడ వచ్చినది. బల్ల పెరిగి, దీర్ఘకాలము జ్వరముతో కృశించు రోగి కనబడినంతనే అది పాతబడిన మలేరియాయే యని వ్రాయుట ఆసుపత్రులలో వాడుకయ్యెను. అస్సాము దేశమున ఒక భయంకరమైన జ్వరము బ్రహ్మపుత్రా లోయ వెంబడి ఊరి తరువాత ఊరిని పాడుచేయుచుండెను. రోగి ఎముకలగూడగును, చర్మము నల్లబడును, కడుపు మాత్రము బల్లచే ఉబ్బును. అచ్చటివారు దానిని కాలా అజార్ అనిరి. నల్ల వ్యాధి యని యర్థము. ప్రభుత్వము పరిశోధకులను పంపెను. గైల్సు అనునాయన అది ప్రేగులలోని కొంకిపురుగుల వలన కలుగునదనెను. రోజర్సు అనునాయన తీవ్రమైన మలేరియా యనెను. పిమ్మట రాస్ దొరగారే అచ్చటికి పోయి చూచి, ఇదియు మలేరియా సంబంధమే యని 1899లో నివేదిక వ్రాసిరి. మలేరియా విషయమున లోకమంతటికిని గురువైనవాడు ఆ మాట చెప్పినప్పుడు కాదనువా రెవ్వరు?

కాదనినది మందుగిన్నెయే. చలిజ్వరము సాధారణముగా క్వినైనుకు లొంగును. ఈ రోగులకు ఎంత క్వినైను పోసినను జ్వరము తగ్గుట లేదు. మలేరియా రోగి వ్రేలి కొనను పొడిచి ఒక్క రక్తపు బొట్టును చూచినచో ఎఱ్ఱకణములలో ఆ జీవి కనబడవలెను. ఈ రోగుల రక్తమున పలుమారు వెదకినను కనబడుట లేదు. ఈ రెండు సంగతులును చెన్నపట్టణపు ఆసుపత్రిలో ప్రతిదినమును ఎదురగుచునే యుండెను. నగరమునందలి పేదల పేటలనుండి బల్ల పెరిగిన పిల్లలును, పెద్దలును వచ్చుచుండిరి. వారి చీటీలపై మలేరియా యని వ్రాయబడుచుండెను. వారికి క్వినైను ఇయ్యబడుచుండెను. వారిలో పలువురు మరణించుచుండిరి. మరణించిన పిమ్మట కూడ చీటీపై పేరు మారుట లేదు.

డొనవన్ గారు ఈ పేరుతో తృప్తి చెందలేదు. 1903వ సంవత్సరము ఏప్రిలు మాసమున, పాతబడిన మలేరియాతో చనిపోయిరని తలపబడిన రోగుల శరీరములను పరీక్షించుచు, వారి ప్లీహము నుండి, అనగా మనము బల్ల యని పిలుచు అవయవము నుండి, కొంచెము రసమును గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శనిలో చూచిరి. మలేరియా జీవులు వారికి కనబడలేదు. వానికి బదులుగా గ్రుడ్డు ఆకారము గల మిక్కిలి చిన్న రూపములు గుంపులుగా కనబడినవి. ఒక్కొక్కదాని కొలత మిల్లీమీటరును వేయి పాళ్లు చేసినచో అందులో రెండు మూడు పాళ్లు మాత్రమే. ప్రతిదానియందును రెండేసి చుక్కలుండెను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అవి ఏమో డొనవన్ గారికి తెలియలేదు. తెలియని దానికి తోచిన పేరు పెట్టక, వారు ఆ పలకలను భద్రపరచిరి.

అదే సమయమున సముద్రముల కావల మరియొక వైద్యుడు అట్టి రూపములనే తలపోయుచుండెను. విలియం లీష్మన్ అను సైనిక వైద్యుడు ఇంగ్లండులోని నెట్లీ ఆసుపత్రిలో, 1900వ సంవత్సరము నవంబరున, కలకత్తా దగ్గరి డమ్‌డమ్ దండునుండి జ్వరముతో వచ్చి చనిపోయిన ఒక సైనికుని ప్లీహమున వానిని చూచియుండెను. రెండేండ్లకు పైగా ఆలోచించి, 1903వ సంవత్సరము మే 30వ తేదీని బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో ఆ సంగతి ప్రకటించెను. అవి నిద్రవ్యాధిని కలిగించు జీవుల వంటివై, చెడి మారిన రూపములై యుండవచ్చునని ఆయన యూహ.

ఆ పత్రిక టపా ఓడలో చెన్నపట్టణము చేరెను. డొనవన్ గారు దానిని చదివినతోడనే తమ పలకలలోని రూపములు జ్ఞప్తికి వచ్చినవి. కాని ఒక పెద్ద ప్రశ్న మిగిలియుండెను. లీష్మన్ చూచినదియు శవముననే, తాము చూచినదియు శవముననే. మరణించిన పిమ్మట శరీరము చెడుటచే ఆ రూపములు పుట్టినవేమో? అట్లయినచో వానికిని వ్యాధికిని సంబంధమే యుండదు. ఈ ప్రశ్నకు శవము జవాబు చెప్పజాలదు. బ్రతికియున్న రోగియే చెప్పవలెను.

అప్పు డాసుపత్రిలో పండ్రెండేండ్ల బాలుడొకడు ఉండెను. వానికి జ్వరము ఒక క్రమము లేక వచ్చుచు పోవుచుండెను. రక్తమున మలేరియా జీవి కానరాలేదు. 1903వ సంవత్సరము జూను 17వ తేదీని డొనవన్ గారు ఆ బాలుని ప్లీహములోనికి సన్నని సూదిని దింపి, కొంచెము రక్తమును తీసిరి. విద్యార్థులారా, ఇది వ్రేలిని పొడిచినంత సులభమైన పని కాదు. జ్వరముతో ఉబ్బిన ప్లీహము మిక్కిలి మెత్తనిది. సూది కొంచెము కదలినను లోపల రక్తము కారి ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. అది తెలిసిన వైద్యుడు ఆ పని చేయుటకు ఒక్కటే కారణము ఉండదగినది. వానిని పేరు తప్పిన జ్వరమునకు వదలి, పనిచేయని మందును పోయుచుండుటయు అపాయమే. ఈ రెండు అపాయములను తూచవలసిన భారము వైద్యునిది.

ఆ రక్తమును గాజుపలకపై పూసి చూడగా, ఆ గ్రుడ్డు ఆకారపు రూపములే, రెండేసి చుక్కలతో కనబడినవి. బాలుడు బ్రతికియున్నాడు, కాబట్టి అవి శవమున పుట్టిన వికారములు కావు. మలేరియా జీవులును కావు. ఇదివరకు ఎవ్వరును పేరు పెట్టని ఒక జీవి ఆ బాలుని శరీరమున కాపురమున్నదని తేటపడెను. జూలై 11వ తేదీని అదే పత్రికలో డొనవన్ గారి లేఖ ప్రకటింపబడెను.

ఇక ఆ జీవికి ఏ పేరు పెట్టవలెనను విషయమై వాదములు చెలరేగినవి. డొనవన్ గారు తమ పలకలను పారిసు నగరమునందున్న లావెరాన్ గారికిని, ఇంగ్లండునందున్న రాస్ దొరగారికిని పంపిరి. తాము చూచినదానిని ఇతరులు కూడ తమ కన్నులతో చూడవలెనని వారి కోరిక. లావెరాన్ గారు అది వేరొక జాతికి చెందినదని తలచి డొనవన్ గారి పేరుతో కూర్చిన ఒక నామమును సూచించిరి. రాస్ దొరగారు పరిశీలించి, ఇది ఇదివరకు తెలిసిన ఏ జాతికిని చెందక క్రొత్త జాతియే యని నిర్ణయించి, 1903వ సంవత్సరము నవంబరున దానికి లీష్మానియా డొనవానీ అని పేరిడిరి. ఇద్దరి శ్రమయు ఒక్క నామమున నిలిచినది.

ఇచ్చట మన విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. నాలుగేండ్ల క్రిందట ఈ జ్వరము మలేరియా సంబంధమే యని నివేదిక వ్రాసినవారు ఆ రాస్ దొరగారే. అప్పటికి నోబెలు బహుమానము పొంది లోకప్రసిద్ధులైయున్నారు. తమ పాత మాటను నిలుపుకొనుటకు వారు ఆ గాజుపలకలను తోసిపుచ్చి యుండవచ్చును. అట్లు చేయలేదు. తమ నిర్ణయమును తలక్రిందు చేసిన జీవికి తామే నామకరణము చేసిరి. ప్రశ్నించిన డొనవన్ గారిని ఎంత మెచ్చుకొందుమో, ప్రశ్నను సహించిన రాస్ దొరగారిని కూడ అంత మెచ్చుకొనవలెను. అడుగువాడు ఒక్కడే యున్నచో చాలదు; వినువాడు కూడ ఉండవలెను.

ఇంతటితో కథ సుఖాంతమైనదని మేము వ్రాయజాలము. జ్వరమునకు సరియైన పేరు దొరికినదే గాని, దానికి మందు దొరకలేదు. 1903లో ఆ పేరు తెలిసినందున ఆసుపత్రిలోని రోగికి అప్పటికప్పుడు కలిగిన మేలు మిక్కిలి స్వల్పము. వైద్యము లేని కాలా అజార్ రోగులలో అత్యధికులు మరణించుచుండిరి. 1915లో ఇటలీ దేశమునందును, మన దేశమునందును నీలాంజనపు లోహముతో చేసిన మందును నరములోనికి ఎక్కింపగా కొందరు కోలుకొనిరి గాని, దానివలన బాధలు మెండు. కలకత్తాలోని క్యాంబెలు ఆసుపత్రిలో ఉపేంద్రనాథ బ్రహ్మచారి గారు చిన్న గదిలో పరిశోధనలు చేసి 1920లో యూరియా స్టిబమీను అను మందును కనుగొనిరి. 1922లో దాని ఫలితములు ప్రకటింపబడినవి. అప్పటినుండియే ఈ జ్వరమునుండి బ్రతికి బయటపడుట సాధారణమయ్యెను. డొనవన్ గారు సూది దింపిన దినమునకును, ఆ మందునకును నడుమ 17 సంవత్సరములు గడచినవి.

అట్లయిన ఆ పేరు వలన ప్రయోజనమేమి యని అడుగవచ్చును. పేరు తెలియనిదే మందును వెదకువా డెచ్చట వెదకును? మలేరియాయే యని నమ్మినంతకాలము అందరును క్వినైనునే ఎక్కువగాను, తక్కువగాను పోయుచుండిరి. ఇది వేరొక జీవి యని తెలిసిన పిమ్మటనే దానిని చంపు మందు కొరకు వేరొక త్రోవను పట్టిరి. తప్పు పేరు తలుపును మూయును. సరియైన పేరు ఆ తలుపును తెరచును. లోపలికి నడచుటకు మరల కాలమును, శ్రమయు కావలెను.

డొనవన్ గారు తప్పు చేయనివారని కూడ మేము చెప్పము. ఈ వ్యాధి ఒకరినుండి మరియొకరికి ఏ విధముగా సోకునో తెలిసికొనుటకు వారును ప్రయత్నించిరి. నల్లివంటి పెద్ద పురుగొకదానిపై వారికి అనుమానము కలిగెను. చెన్నపట్టణముననే పనిచేసిన ప్యాటన్ అనునాయన మంచపు నల్లియే దోషి యనెను. ఇద్దరి యూహయు నిలువలేదు. ఇసుక ఈగ యను, దోమకంటెను చిన్నదగు పురుగు దీనిని వ్యాపింపజేయునని 1942లో స్వామినాథ్, షార్టు, ఆండర్సను అను వైద్యులు నిస్సందేహముగా రుజువు చేసిరి. ఆ వార్త వెలువడునాటికి డొనవన్ గారు జీవించియే యుండిరి.

వారి తక్కిన జీవితమును కొలది మాటలలో చెప్పుదుము. 1905లో మరియొక వ్రణవ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని వారు కనుగొనిరి. దానికిని వారి పేరే నిలిచినది. చెన్నపట్టణమున రాయపేట ఆసుపత్రి 1911లో తెరువబడగా దానికి మొదటి పర్యవేక్షకులైరి. కళాశాలలో ఇరువది సంవత్సరములు పాఠములు చెప్పి, పదవి విరమించి, ఇంగ్లండులోని బోర్టన్ అను పల్లెలో స్థిరపడిరి. అచ్చట తమ చిన్ననాటి ప్రీతిని విడువక, ఐర్లండు దేశపు సీతాకోకచిలుకలను గూర్చి 1936లో ఒక పట్టికను ప్రకటించిరి. 1951వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీని, 88వ యేట, కాలధర్మము నొందిరి.

ఈ చరిత్ర వలన మేము మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును చెప్పదలచినది ఒక్కటి. రోగనిర్ణయము శిలాశాసనము కాదు. కనబడిన గుర్తులను బట్టి ఆనాటికి వైద్యుడు చెప్పగలిగిన మాట అది. మరునాడు క్రొత్త గుర్తు కనబడినచో ఆ మాట మారవచ్చును. మంచి వైద్యునికి ఇది తెలియును. అందుచేతనే మరల రమ్మని చెప్పును. మరల పోయి అడుగుట ఆయనను అవమానించుట కాదు, ఆయన పనిలో తోడ్పడుట.

అయితే అడుగుటకును ఒక పద్ధతి కలదు. డొనవన్ గారు కోపముతో అడుగలేదు. గుర్తులను చేతబట్టుకొని అడిగిరి. మనమును అట్లే చేయవలెను. బిడ్డకు జ్వరము వచ్చిన దినము మొదలుకొని ఉదయము, సాయంకాలము ఎంత వేడి యున్నదో కాగితముపై వ్రాసి ఉంచవలెను. ఏ మందు ఎప్పుడు ఇచ్చితిమో వ్రాయవలెను. ఆ కాగితముతో వైద్యుని యొద్దకు పోయి వినయముగా నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. ఇది ఏ జ్వరమని తాము తలచుచున్నారు? దానిని నిర్ధారణ చేయు పరీక్ష ఏది? ఈ మందునకు ఎన్నవ నాటికి జ్వరము తగ్గవలెను? ఏ గుర్తు కనబడినచో వెంటనే పరుగెత్తి రావలెను? ఈ ప్రశ్నలకు కోపగించు వైద్యుడు అరుదు.

మన ప్రాంతమున ఈ జాగ్రత్త మరింత అవసరము. ఒకే వానకాలమున మలేరియా, డెంగ్యూ, టైఫాయిడు మూడును తిరుగుచుండును. మొదటి దినములలో మూడును ఒకేవిధముగా కనబడును. మలేరియాకు ఒక్కసారి రక్తము చూచి లేదనినంత మాత్రమున లేదని కాదు. జ్వరము నిలిచియున్నచో మరల చూడవలెను. డెంగ్యూలో జ్వరము తగ్గిన దినముననే అపాయము పొంచియుండవచ్చును గనుక అప్పుడు తల్లి నిశ్చింతగా నుండరాదు. పొదలలోని సూక్ష్మమైన పురుగు కుట్టుటచే వచ్చు స్క్రబ్ టైఫస్ అను జ్వరము మరియొకటి కలదు. చంకలోనో, గజ్జలోనో ఒక నల్లని పొక్కు కట్టియుండవచ్చును. బిడ్డను స్నానము చేయించు తల్లి దానిని చూచి వైద్యునికి చెప్పినచో, ఏ పరీక్షయు రాకముందే దారి తెలియవచ్చును. జ్వరముతో నున్న బిడ్డ నీరు త్రాగకున్నను, మూత్రము తగ్గినను, లేపినను లేవక మగతగా నున్నను, ఫిట్సు వచ్చినను, ఆయాసపడినను, ఎచ్చటనైన రక్తము కారినను ప్రశ్నలతో కాలము గడుపక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మూడు నెలలు నిండని శిశువునకు జ్వరము వచ్చినచో ఒక్క దినమైనను వేచియుండరాదు.

కాలా అజార్ నేడు మన దేశమున మిక్కిలి తగ్గినది. బీహారు మొదలగు నాలుగు రాష్ట్రములలోనే అది ముఖ్యముగా నిలిచియుండెను. ఇప్పుడు సూదిని ప్లీహమున దింపనక్కరలేదు. వ్రేలి కొన రక్తముతో కొన్ని నిమిషములలో గుర్తు తెలియును. ఒక్కసారి ఎక్కించు మందుతో రోగి లేచి కూర్చుండుచున్నాడు.

ఆ జీవికి ఇద్దరు వైద్యుల పేర్లు నిలిచినవి. 1903వ సంవత్సరము జూను మాసమున మంచముపై పరుండి, సూదికి కడుపు అప్పగించిన ఆ పండ్రెండేండ్ల బాలుని పేరు ఆ నామమున లేదు. మన పాఠశాలలో ఆ యీడు బాలురే ఆరవ, ఏడవ తరగతులలో కూర్చుండి యున్నారు. రేపు వారిలో ఒకడు వైద్యుడై, మరియొక బాలుని మంచము ప్రక్క నిలుచునప్పుడు, చీటీపై ముందే వ్రాయబడియున్న పేరును చదివి తృప్తిపడక, ఆ బాలుని వైపు మరియొకసారి చూచునట్లు ఈ చరిత్ర చేయునేని మేము ధన్యులము.